చూడకుండా కుట్టిన ఎగ్జిబిట్

2021వ సంవత్సరం, వానలు పట్టిన తొలి నెల. యాంగోన్ అని ఇప్పుడు రాస్తున్నారు, మేము ఇంట్లో ఇప్పటికీ రంగూన్ అనే అంటాం. పన్సొడాన్ వీధి పేవ్‌మెంటు మీద, కోర్టు గేటుకి కూతవేటు దూరంలో, నల్లగొడుగు కింద నా టైపు మిషను. అక్కడ కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి నలభై ఒక్క ఏళ్లు. ఆ ఏడాది వీధి మొగలో ఇసుక బస్తాలు పేర్చారు. బస్తాల వెనక తుపాకులు పట్టుకుని సిపాయిలు నిలబడేవారు. నా పక్కన కూర్చునే ఇద్దరు టైపిస్టులు ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకున్నాక మళ్లీ కనబడలేదు. వాళ్ల స్టూళ్లు మాత్రం గొలుసుతో స్తంభానికి కట్టి అలాగే ఉన్నాయి.

నా పని అర్జీలు రాయడం. మా నాన్నది పబేడాన్‌లో పప్పుల కొట్టు. కొట్లన్నీ సర్కారు పరం చేసిన ఏడాది నా బడి ఆగిపోయింది. మావాళ్లు చాలామంది ఓడెక్కి విశాఖపట్నం పోయారు, మేము మిగిలాం. పేవ్‌మెంటు మీద కుప్పపోసి అమ్మే పాత లా రిపోర్టులు చదివి ఇంగ్లీషూ చట్టమూ నేర్చుకున్నాను. ఏ మాస్టారూ దగ్గర కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే కాబోలు, కష్టపడి చదివిన ముక్క ఏదీ మరిచిపోలేదు. బర్మా వాళ్లు నన్ను సయా అంటారు, అంటే గురువుగారు అన్నట్టు. మన తెలుగువాళ్లకి నేను అర్జీల తాతని.

ఈ పనిలో నేను రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. సాక్ష్యంగా అర్జీకి జతచేసే కాగితాన్ని ఎగ్జిబిట్ అంటారు. అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. అంచు కత్తిరించిన కాగితం ఇస్తే, కత్తిరించిన ముక్కలో ఏముందో చెప్పమని ఎదుటి వకీలు నిలదీస్తాడు. రెండోది, ఆ కాగితాన్ని సూదీ దారంతో అర్జీకి కుట్టే ముందు పై అంచు నుంచి కింది అంచు దాకా నా కళ్లతో నేను చదవాలి. ఈ రెండో కట్టుబాటు నా జన్మలో ఒక్కసారే తప్పాను. ఆ ఒక్కసారి సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చినప్పుడు మరియమ్మ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మరియమ్మ నాకు ఎరికే. ఆమె మొగుడు ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు. అతను పోయాక పెన్షను అర్జీ రాసింది నేనే. కూతురి పేరు ఎస్తేరు, ఇరవై ఆరేళ్లది, సర్కారు ప్రైమరీ స్కూలు టీచరు. తల్లీకూతుళ్లు లమ్మడాలో ఒక మూడో అంతస్తు వాటాలో ఉంటారు.

"బాబాయ్, దీని గోడేటో ఇను," అంది మరియమ్మ. "నాకు సెప్పదు. నీకైతే సెప్తాదట."

"అమ్మా, నువ్వెల్లి టీ తాగి రా," అంది ఎస్తేరు.

"ఏటి, నాను ఇనకూడదేటి?"

"ఇనకూడదు."

మరియమ్మ నాకేసి ఒకసారి, కూతురికేసి ఒకసారి చూసి, గొణుక్కుంటూ ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోయింది. ఎస్తేరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. మాస్కు ముక్కు మీదికి జరుపుకుంది. నా టైపు మిషను మీటలకేసి చూస్తూ మాట్లాడింది.

"తాతా, నా పోన్‌కి ఎవడో బొమ్మలు పంపుతున్నాడు."

"ఏం బొమ్మలు?"

"వాడివి. బట్టల్లేకుండా."

నాకు డెబ్బయ్యోపడి. విడాకుల అర్జీలు రాశాను, చెప్పరాని కేసులు చాలా విన్నాను. అయినా మరియమ్మ కూతురి నోట ఆ మాట వినేసరికి తల దించుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏప్రిల్ నెల నీల్ల పండగ కాణ్ణించి. ముప్పై నలబై వచ్చుంటాయి. బ్లాకు సేసేస్తే ఇంకో పేరుతో వస్తాడు. అన్నీ పువ్వుల పేర్లే. ఒకసారి మల్లి, ఒకసారి గులాబి." ఆమె గొంతు తగ్గించింది. "నిన్నటి బొమ్మ కింద రాసాడు తాతా. బడికి ఎప్పుడు పోతావు టీచరమ్మా, అని."

ఆ ఒక్క వాక్యం అర్థం కావాలంటే అప్పటి సంగతి చెప్పాలి. సైన్యం గద్దెనెక్కాక మాస్టార్లు, డాక్టర్లు, రైలు పనివాళ్లు కొలువులకి వెళ్లడం మానేశారు. ఎస్తేరు వాళ్లలో ఒకతె. బడికి పోని టీచరంటే అరెస్టు వారంటు ఏ రోజైనా రాగల మనిషి. చాలామంది ఇళ్లు మారారు, కొందరు ఇంట్లోనే తలుపులేసుకుని ఉన్నారు. బొమ్మలు పంపేవాడికి ఆమె టీచరని తెలుసు, పనికి పోవడం లేదని తెలుసు, కాబట్టి ఏ ఠాణా గడపా తొక్కలేదని కూడా తెలుసు. వాడి ధైర్యమంతా అదే.

"ఆపించాలి తాతా. అంతే. మా పిల్లల తల్లులు ఎవరైనా పోన్ సేసినా ఎత్తలేకపోతన్నాను."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు సెక్షన్లు గుర్తుకొస్తాయి. టెలికమ్యూనికేషన్ల చట్టంలో అరవై ఆరు డీ అని ఒకటుంది, ఫోను ద్వారా మనిషిని వేధించడం గురించి. ఆ సెక్షను కింద ఇన్సేన్ జైలుకి పోయినవాళ్లని నేను చాలామందిని ఎరుగుదును. అందరూ సర్కారు మీద రాతలు రాసినవాళ్లే. బూతుబొమ్మ పంపి జైలుకి పోయినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేనెరగను. పైగా ఆ దారిన పోతే ఫోను తీసుకెళ్లి పోలీసు బల్ల మీద పెట్టాలి.

"పోన్ ఇవ్వను," అంది ఎస్తేరు వెంటనే. "అందులో మా టీచర్లందరి పేర్లూ ఉన్నాయి. ముప్పైమందిమి. తుడిచేసినా మల్లీ తీస్తారంట."

"ఫోను అక్కర్లేకుండా చేస్తాను," అన్నాను.

నా గర్వం ఏమిటో కూడా చెబుతాను. తెల్లవాడు మనకి ఒక శిక్షాస్మృతి రాసిపెట్టి పోయాడు. ఇండియాలోదీ మాదీ ఒకే కడుపున పుట్టినవి, నంబర్లు కూడా దాదాపు అవే. అందులో ఐదు వందల తొమ్మిదో సెక్షను, ఆడమనిషి సిగ్గుని అవమానించే మాటా, సైగా, ఆమె కంటబడాలని చూపించే వస్తువూ నేరమంటుంది. ఫోనులు కలలో కూడా లేని కాలంలో రాసిన మాట అది. బొమ్మ కూడా వస్తువే, ఫోను తెర మీద పెట్టడం కూడా చూపించడమే. ఈ వాదన నాకు తోచినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది. పోలీసులతో పని లేకుండా నేరుగా మేజిస్ట్రేటుకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్ని డైరెక్ట్ కంప్లయింట్ అంటారు. ఫోను బదులు కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ జతచెయ్యొచ్చు.

"అచ్చు ఎవరు తీస్తారు?" అంది ఎస్తేరు.

"డా ఖిన్."

డా అంటే మన అమ్మగారు లాంటి మాట. డా ఖిన్ నా వెనకాలే ఉన్న సందులో కాపీ మిషను కొట్టు నడుపుతుంది. నోటిలో కిళ్లీ, ముక్కు మీద కళ్లజోడు, అనవసరపు మాట ఒకటి రాదు. ఎస్తేరు ఇంటికి పోయి, కింద ఏ రాతా లేని ఒక బొమ్మ తెర మీద ఎలా కనిపిస్తోందో అలాగే పట్టిన ఫోటోని ఒక మెమరీ కార్డులో ఎక్కించి తెచ్చింది. స్క్రీన్‌షాట్ అంటారు దాన్ని.

"అంచులు కొయ్యకు," అని నేను డా ఖిన్‌తో చెప్పాను. "తెర ఎంతుందో అంతా రావాలి."

చెప్పి వెనక్కి తిరిగి నిలబడ్డాను. మిషను రెండుసార్లు గురగురలాడింది. మొదటి కాపీ సరిగ్గా రాలేదంది డా ఖిన్. రెండోది బోర్లించి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తిప్పలేదు. పైన ఒక తెల్లకాగితం కప్పి, నాలుగు వైపులా కుట్టేశాను. కాగితం మీద "ఎగ్జిబిట్ 1, న్యాయాధికారి మాత్రమే తెరవవలెను" అని బర్మా భాషలో టైపు కొట్టాను. ఎస్తేరు అది చూసి మొదటిసారి కాస్త తేలికపడ్డట్టు కనిపించింది. నేనూ నన్ను మెచ్చుకున్నాను. ఆడపిల్ల పరువు కాపాడానని అనుకున్నాను.

మర్నాడు కోర్టు తెరవగానే ఎస్తేరు అర్జీ ఇచ్చి వచ్చింది. ఆమె టీచరని అందులో ఎక్కడా రాయలేదు. ఎక్కువ మంది గుమస్తాలు పనిమానేశారు కాబట్టి రిసీవింగ్ బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. అర్జీలు వచ్చినవి వచ్చినట్టు తట్టలో పడేసి, పన్నెండింటికి రిజిస్టరులో ఎక్కించి, రెండింటికి మేజిస్ట్రేటు బల్ల మీదికి పంపుతాడు. రెండింటికి రమ్మన్నాడని చెప్పి ఎస్తేరు నా పక్క స్టూలు మీద కూర్చుంది.

పదకొండు దాటాక డా ఖిన్ వచ్చింది. ఆమె కొట్టు వదిలి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం.

"సయా, నిన్న పాడైన కాపీ ఇది. చింపేద్దామని తీశాను. మీరు నిన్న దీని పై అంచు చూశారా?"

"నేను ఏ అంచూ చూడలేదు."

"చూడండి."

కాగితం మధ్యభాగం అరచేత్తో కప్పి, పైన చూశాను. ఫోను తెర మీద టైమూ, బ్యాటరీ గుర్తూ ఉండే సన్నని గీత. అందులో ఒక చిన్న తాళంచెవి.

ఈ తాళంచెవి ఏమిటో మీకు చెప్పాలి. ఎస్తేరుకి బొమ్మలు వస్తున్న ఆప్‌ని సైన్యం ఫిబ్రవరిలోనే మూయించేసింది. మూసిన తలుపు పక్కనుంచి దూరడానికి వీపీఎన్ అనే ఏర్పాటు ఉంది, దేశమంతా అదే వాడుతోంది. అది నడుస్తున్నంతసేపూ తెర మీద తాళంచెవి కనిపిస్తుంది. రోడ్డు మీద ఆపి ఫోన్లు తెరిపించే సిపాయిలు మొట్టమొదట వెతికేది ఆ గుర్తునే. దాని కోసమే చెంపదెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు, సైన్యం లారీ ఎక్కినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఆ గుర్తు ఎస్తేరు పేరూ, తండ్రి పేరూ, ఇంటి నంబరూ ఉన్న అర్జీకి నా దారంతో కుట్టి కోర్టు తట్టలో ఉంది. రెండింటికి మేజిస్ట్రేటు దాన్ని తెరుస్తాడు. ఫోను ఏదీ అంటాడు. తర్వాత ముప్పైమంది టీచర్లు.

ఎనభై ఎనిమిదిలో ఇదే సైన్యం జనం మీద కాల్పులు జరిపినప్పుడు భయం వీధిలో ఉండేది. ఇంటికొచ్చి తలుపేసుకుంటే కాస్త తగ్గేది. ఈసారి భయాన్ని ఎవరికి వాళ్లం జేబులో పెట్టుకు తిరుగుతున్నాం. నేను దాన్ని అచ్చేయించి సర్కారుకి అందించాను.

ఎస్తేరు నా ముఖం చూసి లేచి నిలబడింది. "ఏటి తాతా? ఏటయ్యింది?"

"నువ్వు డా ఖిన్ కొట్టులో కూర్చో. నేను వచ్చేదాకా బయటికి రాకు."

"నాను పట్టుకొచ్చేస్తాను తాతా, నా అర్జీయే కదా."

"నువ్వు అడిగితే ఎందుకని అడుగుతాడు. నేను అడిగితే నన్ను తిడతాడు. కూర్చో."

గేటు దగ్గర సిపాయిలు సంచి వెతికి లోపలికి వదిలారు. గోడ గడియారంలో పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. రిసీవింగ్ గుమస్తా నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. చెడ్డవాడు కాడు, మంచివాడని కూడా అనలేను. రిజిస్టరు అప్పటికే తెరిచి, పెన్ను చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున ఒక డైరెక్ట్ కంప్లయింట్ వచ్చింది కదా, నేను రాసింది. మొదటి పేజీలో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దుతాను," అన్నాను.

అర్జీలు రాసేవాళ్లకి ఆ చిన్న హక్కు ఉంది. రిజిస్టరులో ఎక్కకముందు బల్ల దగ్గరే తప్పు దిద్ది, పక్కన పొడి సంతకం పెట్టొచ్చు. గుమస్తా తట్టలోంచి అర్జీ తీశాడు. తీసి, పేజీలు తిప్పాడు. తెల్లకాగితం దగ్గర ఆగాడు.

"న్యాయాధికారి మాత్రమే తెరవాలా? ఏముంది సయా ఇందులో?" బొటనవేలు కుట్టు కిందికి దూర్చాడు. ఒక కుట్టు ఊడింది.

"నా తప్పు ముందు దిద్దనివ్వు. తర్వాత తీరిగ్గా చూసుకో."

అతను నవ్వి అర్జీ నావైపు తిప్పాడు. నేను ఇంకు పెన్ను మూత తీశాను. నా పెన్ను ముప్పై ఏళ్లది, దాని గుణం నాకు తెలుసు. పీక రెండు చుట్లు వదులు చేసి, నిబ్బు కిందికి పెట్టి విదిలించాను. మొదటి పేజీ మీద, అర్జీదారు పేరు మీద, సెక్షను నంబరు మీద నల్లటి మడుగు పడింది. చొక్కా చేత్తో తుడవబోయినట్టు చేసి దాన్ని కింది దాకా పులిమాను.

మరకపడిన అర్జీ రిజిస్టరులో ఎక్కకూడదు. అది ఆ ఆఫీసు నియమం. తెల్లవాడి కాలం నుంచీ ఉంది.

"ఏం పని సయా ఇది?" గుమస్తా రిజిస్టరు వెనక్కి లాక్కున్నాడు. బల్ల దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు. "చెయ్యి వణుకుతుంటే ఇంట్లో కూర్చోవాలి. తీసుకుపొండి. శుభ్రంగా కొట్టించి తెండి, మీరు కాదు, ఇంకెవరి చేతైనా."

నలభై ఒక్క ఏళ్లలో నా అర్జీ ఒక్కటీ ఆ బల్ల మీద నుంచి వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆ గుమస్తాకీ తెలుసు. "క్షమించు," అని కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను.

గేటు దగ్గర మళ్లీ సంచి తెరవమన్నారు. లోపలికి వెళ్లేటప్పుడే వెతుకుతారని అనుకున్నాను, బయటికి వచ్చేటప్పుడు వెతకడం ఆ వారమే మొదలెట్టారట. సిపాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. పల్లెటూరి ముఖం, బుగ్గల మీద ఇంకా బర్మా వాళ్లు పూసుకునే చెక్క గంధం మరక. అర్జీ తీసి, ఇంకు వేళ్లకి అంటుకుంటే విసుక్కుని, తెల్లకాగితం దగ్గర ఊడిన కుట్టు చూశాడు. లాగాడు. మిగిలిన కుట్లు పట్‌పట్‌మని తెగాయి.

ఆ క్షణంలో నేను లెక్కపెట్టుకున్నది ఎస్తేరు పేరులో ఎన్ని అక్షరాలు మరక కింద మునిగాయా అని.

సిపాయి బొమ్మని చూశాడు. పక్కవాడిని పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వారు.

"తాతా, ఈ వయసులో ఇవా నీకు?" అన్నాడు మొదటివాడు. "కోర్టులో కూడా వెంటబెట్టుకుని తిరుగుతావా?"

చెప్పగల మాటలు నాకు వంద వచ్చు. ఒక్కటీ చెప్పలేదు. చచ్చు నవ్వు ఒకటి నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా ముఖానికి అంటుకుని ఉన్నట్టు ఉంటుంది. వాడు కాగితాలు నా ఛాతీకి కొట్టి, పొమ్మన్నాడు. బొమ్మని తప్ప వాడు ఇంకేమీ చూడలేదు. పై అంచులో తాళంచెవి వాడి బొటనవేలి పక్కనే ఉంది.

డా ఖిన్ కొట్టు వెనకగదిలో ఎస్తేరు గోడకి ఆనుకుని కూర్చుంది. నేను కాగితాలు ముందు పెట్టాను. డా ఖిన్ నా చొక్కా చేతికున్న ఇంకు చూసి, ఒక గుడ్డ తడిపి ఇచ్చింది.

"తాతా, నా వల్ల నీకు..." అంది ఎస్తేరు.

"నా వల్లే. ఈ కాగితం నేను చదవలేదు. నువ్వు ముప్పై నలభైసార్లు చూడాల్సొచ్చింది, నేను ఒక్కసారి చూడలేకపోయాను."

"నాను కూడా సూడను తాతా. కనబడితే పోన్ బోర్లించేస్తాను."

"ఇప్పుడు నేను చూస్తాను. నీకు అభ్యంతరమా?"

ఆమె తల అడ్డంగా ఊపి, అటు తిరిగింది. నేను కళ్లజోడు తుడుచుకుని, కాగితాన్ని దీపం కిందికి జరిపి, ఒక దస్తావేజుని చదివినట్టు పై మూల నుంచి చదవడం మొదలుపెట్టాను. తాళంచెవి. టైము. పువ్వు పేరు. తర్వాత బొమ్మ. దాని గురించి చెప్పడానికేమీ లేదు, వాడు చూపించాలనుకున్నది మధ్యలో ఉంది. నేను అంచుల దగ్గర ఆగాను. ఎడమవైపు ఒక కిటికీ కొంత పడింది. కిటికీ బయట ఊచకి ఒక గంట, దాని నుంచి కిందికి పోతున్న పచ్చ నైలాను తాడు.

మా రంగూన్ డౌన్‌టౌన్‌లో లిఫ్టులు లేని ఎత్తైన ఇళ్లలో ప్రతి వాటాకీ ఇలాంటి తాడు ఉంటుంది. కింద క్లిప్పు, పైన గంట. కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది, పేపరో పాలో క్లిప్పుకి పెడితే పైకి లాక్కుంటారు. ఈ గంట మీద వానకి తడవకుండా ఒక నీలం ప్లాస్టిక్ గిన్నె బోర్లించి ఉంది.

"ఎస్తేరూ, మీ వీధిలో నీలం గిన్నె బోర్లించిన గంట ఎవరిది?"

ఆమె ఇటు తిరిగింది.

"మా కిటికీకి ఎదుటిది," అంది. "రోజూ పొద్దున కనబడతాది."

"ఎవరు ఉంటారు?"

"వార్డు ఆపీసు గుమస్తా."

డా ఖిన్‌కి తెలుగు రాదు. అయినా మా ముఖాలు చూసి తలుపు దగ్గరికి వేసింది.

వార్డు గుమస్తా అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో, రాత్రికి ఎవరొచ్చారో రాసుకునే లిస్టులు చేతిలో ఉన్నవాడు. టీచరు ఇంట్లోనే ఉందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అర్జీ మేజిస్ట్రేటు దాకా పోయి ఉంటే, ఎస్తేరు ఎలాంటి మనిషో విచారించి చెప్పమని కాగితం వెళ్లేది కూడా ఆయన బల్ల మీదికే. నా ఐదు వందల తొమ్మిదో సెక్షను చుట్టూ తిరిగి ఆయన చేతిలోనే పడి ఉండేది.

కొన్ని దేశాల్లో, అడగకుండా ఇలాంటి బొమ్మ పంపడమే నేరమని ఇప్పుడు ప్రత్యేకంగా చట్టాలు రాస్తున్నారని చదివాను. రాయాల్సిందే. మా దగ్గర నూటయాభై ఏళ్ల కిందటి మాటని సాగదీసి దాని కింద పట్టించాలి. అయితే ఆ రోజు ఎంత కొత్త చట్టం నా చేతిలో ఉన్నా చేసేదేమీ లేదు. ఫిర్యాదు చేసే పిల్ల దాక్కుని ఉంది, నేరం చేసినవాడు లిస్టు రాస్తున్నాడు.

రెండు రోజుల్లో ఎస్తేరు ఇల్లు వదిలింది. సిమ్ము విరిచి మురిక్కాలవలో పడేసింది. ఎక్కడికి పోతున్నావని నేను అడగలేదు. ఆ రోజుల్లో అడగకపోవడమే ప్రేమ. వెళ్లేముందు మరియమ్మతో ఒక్క మాట చెప్పింది: కిటికీ తెర తియ్యొద్దని.

వారం తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మరియమ్మని చూడ్డానికి వెళ్లాను. చర్చి నుంచి వచ్చి అన్నం వండుతోంది. తలుపు కొట్టారు. తీస్తే, గళ్ల లుంగీ, తెల్లచొక్కా, చంకలో రిజిస్టరు, నలభై ఏళ్ల మనిషి. మంచి గొంతు. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఇంటి లిస్టు సరిచూసుకుంటున్నాం. మీ అమ్మాయి కనిపించడం లేదే?"

"పెద్దమ్మ ఊరెళ్లింది బాబూ. పెద్దమ్మకి జొరం," అంది మరియమ్మ బర్మా భాషలో. గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది.

"ఏ ఊరు?"

"మోల్‌మేన్."

ఆయన రాసుకున్నాడు. రాసి, నా వైపు తిరిగి, చేతులు కట్టుకుని చాలా మర్యాదగా వంగాడు.

"మీరు పన్సొడాన్ సయా కదా. మీ అర్జీ మీద ఇంకు ఒలికిందని విన్నాను. కోర్టు ముందు టీకొట్లో అందరూ చెప్పుకుంటున్నారు."

టీకొట్లో నిజంగానే చెప్పుకున్నారు. ఇంకు సయా అని నాకు పేరు కూడా పెట్టారు. ఆ నవ్వులాటే ఈయన చెవినపడిందా, ఇంకేమైనా తెలుసా, ఆ ముఖంలో నాకేమీ దొరకలేదు. మరియమ్మకేసి చూడకుండా ఉండడానికి నేను నా చేతులకేసి చూసుకున్నాను. గోళ్ల కింద ఇంకా నలుపు ఉంది.

"అవును బాబూ. ముసలి చెయ్యి."

"ఎవరి అర్జీ అది?"

పక్కింట్లో రేడియో పాడుతోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు.

"ఎవరిదో. రోజూ ఎంతమందో వస్తారు," అన్నాను. "నాకు ఇప్పుడు ఏదీ గుర్తుండడం లేదు."

ఆయన రిజిస్టరు మూశాడు. తర్వాత నవ్వి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. మరియమ్మ తలుపు గడియ పెట్టింది. తెర సందులోంచి నేను ఎదుటి కిటికీకేసి చూశాను. నీలం గిన్నె మీద వాన చినుకులు పడుతున్నాయి.

రెండు నెలల తర్వాత ఎస్తేరు క్షేమంగా ఉందని, పిల్లలకి చదువు చెబుతోందని ఎవరి ద్వారానో కబురొచ్చింది. కొత్త ఫోనుకి బొమ్మలు రావడం లేదట. ఆ వార్డు గుమస్తా మీద ఏ కేసూ లేదు. నీలం గిన్నె అక్కడే ఉంది.

ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ ఆడపిల్లలు నా గొడుగు కిందికి వస్తారు. ఫోను బోర్లించి బల్ల మీద పెడతారు. "మీరు చూడొద్దు తాతా, రాయండి చాలు," అంటారు. నేను ఒప్పుకోను. కళ్లజోడు తుడుచుకుని, వాళ్ల అనుమతి అడిగి, పై అంచు నుంచి కింది అంచు దాకా చూస్తాను. చూసి, కత్తిరించాల్సింది కత్తిరిస్తాను. నిండు కాగితం కావాలనే నా మొదటి కట్టుబాటుని అలా వదులుకున్నాను. ఎదుటి వకీలు నిలదీస్తే నిలదియ్యనీ. రెండోదాన్ని మాత్రం మళ్లీ వదలను. ఆ పిల్ల ఒంటరిగా చూడాల్సివచ్చినదాన్ని చూడనని నేను తల తిప్పుకోవడం మర్యాద అనుకున్నాను. అది నాకు సుఖంగా ఉన్న మర్యాద. దాని ఖరీదు ఆమె చెల్లించబోయింది.

ఇక, నాకేదీ గుర్తు లేదని ఆ ఆదివారం చెప్పాను. ఆ అర్జీలో పదిహేడు పంక్తులు. ఏ పంక్తిలో ఏ మాట ఉందో, ఏ కామా దగ్గర మీట ఇరుక్కుందో, ఇప్పుడు టైపు మిషను ముందు పెడితే కొట్టగలను. అప్పుడు లేని పద్దెనిమిదో పంక్తి కూడా ఉంది. అందులో ఒక నీలం గిన్నె ఉంటుంది. దాన్ని చదివి వినగల కోర్టు బల్ల ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. వచ్చేదాకా నేను బతికి ఉండాలి.